వాట్సాప్‌లో తిరిగే ఆ ‘నిప్పుకణిక’ మాట అసలు ఎవరిది? కోపం, ఎరుక, పోనీలే

ఈ రోజు ఎపిసోడ్ ఒక వాట్సాప్ ఫార్వర్డ్‌తో మొదలవుతుంది. మీ ఫోన్‌లో కూడా ఉండే ఉంటుంది, ఒకసారి గ్యాలరీ చూసుకోండి. తామర పువ్వు, వెనకాల సూర్యోదయం, మధ్యలో కళ్లు మూసుకున్న బుద్ధుడు, కింద ఒక మాట. ఎదుటివాడి మీద విసరాలని నిప్పుకణిక చేత్తో పట్టుకుంటే ముందు కాలేది నీ చెయ్యే, కోపం కూడా అంతే అని. చివర్లో సంతకంలాగా ‘గౌతమ బుద్ధ’. నాకైతే పోయిన నెలలో నాలుగుసార్లు వచ్చింది. ఒకటి మా పెద్దమ్మ పంపింది. ఇంకొకటి, నవ్వకండి, మా బీటెక్ బ్యాచ్ గ్రూప్‌లో సగం మందికి డబ్బులు ఎగ్గొట్టినవాడు పంపాడు.

సాఫ్ట్‌వేర్‌లో కొన్నేళ్లు పనిచేస్తే ఒక జబ్బు అంటుకుంటుంది. ‘ఇది ఫలానా చోటు నుంచి వచ్చింది’ అని ఎవరైనా అంటే, వెళ్లి సోర్స్ తెరిచి చూసేదాకా నిద్ర పట్టదు. వెళ్లి చూశాను. ఈ పోలిక బుద్ధుడిది కాదు. అలాగని ఎవరో ఆఫీసులో కూర్చుని పుట్టించింది కూడా కాదు. బుద్ధుడి తర్వాత దాదాపు వెయ్యేళ్లకు ఒక భిక్షువు పాళీ భాషలో రాసిన పుస్తకంలో ఉంది. పుస్తకం పేరు విసుద్ధిమగ్గ, అంటే విశుద్ధి మార్గం. రాసినాయన బుద్ధఘోషుడు, క్రీ.శ. 5వ శతాబ్దం మనిషి.

ఫార్వర్డ్ తయారుచేసినవాళ్లు ఒక ముక్క మాత్రం కట్ చేశారు. పుస్తకంలో ఆ మనిషి చేత్తో పట్టుకునేది నిప్పుకణిక అయినా కావచ్చు, మలం అయినా కావచ్చు. మొదటిది పట్టుకుంటే ముందు నువ్వే కాలతావు. రెండోది పట్టుకుంటే ముందు నువ్వే కంపు కొడతావు. గుడ్ మార్నింగ్ ఇమేజ్‌లో రెండోది పెడితే ఎవరు షేర్ చేస్తారు చెప్పండి! నాకు మాత్రం రెండోదే ఎక్కువ నచ్చింది. కాలడంలో కొంచెం హీరోయిజం ఉంటుంది. కోపంలో ఉన్నవాడు తనని తాను హీరో అనుకుంటాడు కూడా, వెనకాల బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ వినిపిస్తుంటుంది. కంపులో ఆ సౌకర్యం లేదు.

ఇంకో సంగతి. ఈ బుద్ధఘోషుడు మన ఊరి మనిషే కావచ్చు. శ్రీలంక చరిత్ర గ్రంథం ఆయన బుద్ధగయ దగ్గర పుట్టాడని చెబుతుంది. కానీ విసుద్ధిమగ్గ చివర్లో మోరండఖేటకం అనే ఊరి పేరు వస్తుంది, అది మన గుంటూరు వైపుదని కొందరు పండితుల వాదన. ఆ వాదన ఇప్పటికీ నడుస్తోంది. వాదనతో పనిలేనివి కూడా ఉన్నాయి. ఆయన ఈ పుస్తకం రాసింది శ్రీలంక అనురాధపురంలోని మహావిహారంలో. ఆయన పేరు మీద ఉన్న వినయ వ్యాఖ్యానంలో ‘అంధకట్ఠకథ’ అని ఒక పాత ఆంధ్ర వ్యాఖ్యానం ప్రస్తావన వస్తుంది. అంతకు ముందే, 3వ శతాబ్దంలో, మన నాగార్జునకొండ శాసనంలో ‘సింహళ విహారం’ అనే మాట ఉంది. అంటే కృష్ణా ఒడ్డుకీ ఆ ద్వీపానికీ రాకపోకలు గట్టిగానే ఉండేవి. మనకేమో బుద్ధుడంటే హుస్సేన్‌సాగర్‌లో బోటెక్కి సెల్ఫీ, ఫోన్‌లో ఫార్వర్డ్. అంతే.

సరే, ఆ పోలిక ఎక్కడ వస్తుందో చూస్తేనే అసలు కథ తెలుస్తుంది. పుస్తకంలో 23 అధ్యాయాలు. 9వది మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్షల గురించి. పాళీలో మైత్రిని ‘మెత్తా’ అంటారు. మన ఇంట్లో తలకింద పెట్టుకునే మెత్తకీ దీనికీ చుట్టరికం లేదు గానీ, గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది. ఒక భిక్షువు కూర్చుని అందరూ బాగుండాలి అనుకుంటూ ధ్యానం మొదలుపెడతాడు. అంతా బాగానే నడుస్తుంటుంది. ఇంతలో తనకి అన్యాయం చేసినవాడి మొహం కళ్లముందుకొస్తుంది. ఇక మెత్తా లేదు, ఏం లేదు, పళ్లు కొరకడమే. అప్పుడేం చెయ్యాలి? ఆ నిప్పుకణిక మాట ఈ ప్రశ్నకు ఆయన ఇచ్చిన చాలా జవాబుల్లో ఒకటి. ఫార్వర్డ్‌లో అది ఒక తీర్పులా వినిపిస్తుంది. పుస్తకంలో అది టూల్‌బాక్స్‌లో ఒక స్పానర్. ఇది పనిచెయ్యకపోతే పక్కన ఇంకోటి ఉంది, అదీ కాకపోతే ఇంకోటి.

ఇక్కడ కొంచెం ఆగుదాం. మనలో చాలామంది క్షమ అనగానే ఏమనుకుంటాం? ఒక గొప్ప మనసు ఉండాలి, ఒక్కసారిగా గుండె కరిగిపోవాలి, కళ్లలో నీళ్లు తిరగాలి. క్లైమాక్స్ సీన్. మామూలు తెలుగులో మనం ‘నిన్ను క్షమించాను’ అని ఎప్పుడైనా అంటామా? ‘క్షమించండి’ అని అడుగుతాం, ఇచ్చేటప్పుడు ఆ మాట వాడం. ‘పోనీలే’ అంటాం. ‘పోనీలేరా, వదిలెయ్’ అంటాం. పోనీ అంటే పోవడానికి దారి ఇవ్వు అని. దాన్ని తన్ని తరిమెయ్యమని కాదు, తలుపు దగ్గర అడ్డం నిలబడొద్దు అని. బుద్ధఘోషుడు నేర్పేది ఈ ‘పోనీ’నే. అది ఒక్కసారిగా రాదని ఆయనకి బాగా తెలుసు, అందుకే అంత పెద్ద లిస్టు.

ఆ లిస్టు కంటే ముందు ఒక వరస చెబుతాడు. మొదలే శత్రువుతో పెట్టుకోకు అంటాడు. ముందు నీతో మొదలుపెట్టు, నేను బాగుండాలి అని. తర్వాత నీకు గౌరవం ఉన్న మనిషి, గురువులాంటివాళ్లు. తర్వాత ఇష్టమైన స్నేహితులు. తర్వాత నీకు ఎటూ కాని మనిషి, రోజూ కనిపించే కిరాణా షాపాయన అనుకోండి. ఆ తర్వాతే నీకు పడనివాడు. జిమ్‌కి వెళ్లిన మొదటిరోజే వంద కిలోలు ఎత్తరు కదా, అలాగ. ఇంకో హెచ్చరిక కూడా ఉంది, ఆకర్షణ ఉన్న మనిషి మీద మొదలుపెట్టొద్దు అని. దానికో కథ చెబుతాడు. ఒకాయన ‘ఎవరి మీద మెత్తా చెయ్యాలి’ అని అడిగితే, ‘ఇష్టమైన మనిషి మీద’ అన్నారట. ఆయనకి భార్య అంటే ఇష్టం. గదిలో కూర్చుని మొదలుపెట్టాడు, ఆమె దగ్గరికి వెళ్లాలనిపించి తెల్లవార్లూ గోడతో కుస్తీ పట్టాడు! పదిహేను వందల ఏళ్ల నాటి ధ్యాన గ్రంథంలో ఇలాంటి కామెడీ ట్రాక్ ఉంటుందని నేనైతే అనుకోలేదు.

ఇప్పుడు రహమత్ నగర్‌కి వద్దాం. నేనుండేది ఇక్కడే. తెలియనివాళ్ల కోసం చెబుతా, కృష్ణా నగర్, యూసఫ్‌గూడ పక్కనే, గుట్ట మీదికి ఎక్కే ఇరుకు గల్లీలు. పైన జూబ్లీహిల్స్ బంగళాలు, ఇక్కడ మా సింగిల్ రూమ్‌లు. లైట్‌మెన్, జూనియర్ ఆర్టిస్టులు, మేకప్ అసిస్టెంట్లు, కో-డైరెక్టర్ అవుదామని వచ్చి పదేళ్లుగా అసిస్టెంట్ డైరెక్టర్‌గానే ఉన్నవాళ్లు. ఇక్కడ టీ కొట్టు దగ్గర ఎవర్ని కదిలించినా ఒక కథ ఉంటుంది. సినిమా కథ కాదు, ‘వాడు నన్ను ముంచాడు’ అనే కథ. పేరు వెయ్యలేదు, పేమెంట్ ఇవ్వలేదు, నా లైన్ కొట్టేశాడు, నా ప్లేస్‌లో వాళ్ల బావమరిదిని పెట్టాడు.

నాకూ ఒకటి ఉంది. ఉద్యోగం వదిలేశాక ఒక వెబ్ సిరీస్‌కి ఏడు నెలలు డైలాగులు రాశాను. ఇక్కడ అన్నీ మాట మీదే నడుస్తాయి, అదీ అలాగే నడిచింది. సిరీస్ వచ్చింది. ఫ్రెండ్స్‌ని రూమ్‌కి పిలిచి లాప్‌టాప్‌లో చూస్తున్నాం. నా డైలాగులు వస్తున్నాయి, టైటిల్స్‌లో నా పేరు రాలేదు. డబ్బులు సగమే వచ్చాయి. ఇలా పేరు లేకుండా రాసేవాళ్లని ఇక్కడ ‘ఘోస్ట్’ అంటారు. బతికుండగానే దెయ్యం అన్నమాట. ఎవరు, ఏ ఆఫీస్ అనేది చెప్పను, అది ఈ ఎపిసోడ్ విషయం కాదు. ఆయన కూడా ఈ చుట్టుపక్కలే ఉంటాడు, వారానికి రెండుసార్లు ఎదురుపడతాడు. ‘ఏం తమ్ముడూ, వీడియోలు బాగా చేస్తున్నావంట’ అంటాడు. నవ్వుతూ.

ఆ తర్వాత ఏం జరిగేదో చెబుతాను, మీకూ జరిగే ఉంటుంది. రాత్రి పదకొండుకి పడుకుంటాను. మెదడు ఆ సీన్ మళ్లీ ప్లే చేస్తుంది. ఈసారి నేను అదిరిపోయే డైలాగ్ కొడతాను, ఆయన తలదించుకుంటాడు. మళ్లీ ప్లే, ఇంకా మంచి డైలాగ్. టైమ్ చూస్తే రెండున్నర. ఫోన్‌లో మనం మూసేశాం అనుకున్న యాప్ వెనకాల నడుస్తూ బ్యాటరీ మొత్తం తినేస్తుంది చూడండి, సరిగ్గా అదే. ఆయన మాత్రం హాయిగా నిద్రపోతుంటాడు. నా నిద్ర పాడుచెయ్యడానికి ఆయన ఏమీ చెయ్యక్కర్లేదు, ఆ పని నేనే ఫ్రీగా చేసిపెడుతున్నాను, ఘోస్ట్ రైటింగ్‌లాగే.

ఇక్కడ మైండ్‌ఫుల్‌నెస్ పనికొస్తుంది. ఈ మాట విని విని బోర్ కొట్టి ఉంటుంది మీకు. కార్పొరేట్ ఆఫీసుల్లో వెల్‌నెస్ సెషన్ పెట్టి, అరగంట కళ్లు మూసుకోమని, తర్వాత అదే రాత్రి పన్నెండింటి దాకా రిలీజ్ కాల్‌లో కూర్చోబెడతారు. అది కాదు నేను చెప్పేది. పాళీలో దీని పేరు ‘సతి’, సంస్కృతంలో స్మృతి, అసలు అర్థం జ్ఞాపకం. ఇప్పుడు ఏం జరుగుతోందో మర్చిపోకుండా ఉండటం. మనకు అంతకంటే మంచి మాట ఉంది, ఎరుక. సతిపట్ఠాన సుత్తంలో శరీరం, వేదన, మనసు, ధర్మాలు అని నాలుగు చోట్ల ఈ ఎరుక పెట్టమంటారు. మనసు దగ్గరికి వచ్చేసరికి ఏముంటుందంటే, మనసులో కోపం ఉంటే కోపం ఉందని తెలుసుకో, లేకపోతే లేదని తెలుసుకో. అంతే. కోపం తప్పు అని లేదు అక్కడ, అణచెయ్యి అని లేదు. ఉందా లేదా, అది చూడు.

తెలుగువాళ్లకి ఈ విషయంలో ఒక సౌకర్యం ఉంది. ఇంగ్లీష్‌లో ‘ఐ యామ్ యాంగ్రీ’ అంటారు, అంటే నేనే కోపం అన్నట్టు. మనం ‘నాకు కోపం వచ్చింది’ అంటాం. వచ్చింది! జ్వరం వచ్చినట్టు, చుట్టం వచ్చినట్టు. వచ్చినదానికి పోవడం కూడా తెలుసు. మన వ్యాకరణమే సగం పని చేసిపెట్టింది, మనం వినిపించుకోవడం లేదు అంతే.

నేను చేసేది చిన్న పని. ఆయన స్టోరీ ఇన్‌స్టాలో కనిపిస్తుంది. వెంటనే ముందు ఒంట్లో చూస్తాను. దవడ బిగుసుకుంది. చెవులు వేడెక్కాయి. బొటనవేలు ఆల్రెడీ ఏదో టైప్ చెయ్యడానికి రెడీ అవుతోంది. లోపల ఒక్క మాట అనుకుంటాను, ‘కోపం వచ్చింది’. ఆయన ఎలాంటివాడు అనేదాని జోలికి పోను, కథ మళ్లీ మొదలైతే మళ్లీ దవడ దగ్గరికి వస్తాను. నాలుగైదు శ్వాసలు. కొన్నిసార్లు తగ్గుతుంది, కొన్నిసార్లు తగ్గదు. తగ్గకపోయినా, టైప్ చెయ్యడానికి ముందు ఒక మూడు సెకన్ల ఖాళీ దొరుకుతుంది. పంపిన మెసేజ్‌ని ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ కొట్టే పని తప్పుతుంది.

దీన్ని సీరియస్‌గా నేర్చుకోవాలంటే హైదరాబాద్‌లోనే చోటుంది. వనస్థలిపురం దాటాక నాగార్జునసాగర్ రోడ్డు మీద కుసుమ్ నగర్‌లో ధమ్మఖేత్త అనే విపశ్యన కేంద్రం, 1976 నుంచి నడుస్తోంది. గోయెంకా గారి పద్ధతి. పది రోజులు మాట్లాడకూడదు, ఫోన్ మొదటిరోజే తీసుకుంటారు, ఫీజు లేదు, పూర్తి చేసినవాళ్లు ఇష్టమైతే దానం ఇస్తారు. మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర శ్వాస చూడటమే పని. నాకు ఐదో రోజు కాళ్ల నొప్పి కంటే పాత కోపాలే ఎక్కువ నొప్పి పెట్టాయి, ఏడో తరగతిలో నన్ను కొట్టినవాడితో సహా. అక్కడ కూడా మైత్రి భావన నేర్పేది చివర్లో, పదో రోజు. ముందు చూడటం, తర్వాతే క్షమించడం. వెళ్లలేనివాళ్లు కంగారుపడక్కర్లేదు. యూసఫ్‌గూడ చెక్‌పోస్ట్ దగ్గర సిగ్నల్ పడితే మీకు కావలసినంత టైమ్ దొరుకుతుంది.

ఇప్పుడు టూల్‌బాక్స్ తెరుద్దాం. అన్నీ చెప్పను, నాకు పనికొచ్చినవి చెబుతా.

ఒకటి, ఆ మనిషిలో ఏదో ఒక మంచి మూల వెతకమంటాడు బుద్ధఘోషుడు. కొందరి చేతలు బాగుంటాయి, నోరు మంచిది కాదు. కొందరి మాట బాగుంటుంది, చేతలు బాగుండవు. ఏది బాగుంటే దాన్ని పట్టుకో, మిగతాది కాసేపు వదిలెయ్. అసలు ఏమీ దొరక్కపోతే? అప్పుడు జాలిపడు అంటాడు, ఇలా బతికేవాడికి ముందు ముందు ఏముందో ఆలోచించు అని. నా కేసులో ఒకటి దొరికింది. నైట్ షూట్‌లో రెండింటికి భోజనం వచ్చినప్పుడు, లైట్‌మెన్ అందరూ తిన్నారా లేదా అని చూసుకున్నాకే ఆయన ప్లేట్ పట్టుకునేవాడు. నేను కళ్లారా చూశాను. ఇది ఒప్పుకోవడం నాకు అస్సలు ఇష్టం లేదు. నా మనసులో ఆయన పాత్రకి ఆ సీన్ సూట్ కాదు మరి.

రెండోది ఇంజినీర్లకి బాగా నచ్చుతుంది, విడగొట్టడం. నువ్వు ఎవరి మీద కోపంగా ఉన్నావు? ఆయన తలవెంట్రుకల మీదా? గోళ్ల మీదా? ఒంట్లో ఉన్న మట్టి మీదా, నీటి మీదా, వేడి మీదా, గాలి మీదా? ఇలా విప్పుకుంటూ పోతే కోపానికి కాలు మోపే చోటు దొరకదు, దబ్బనం మొన మీద ఆవగింజ నిలబడనట్టు అంటాడు. మొదటిసారి చదివినప్పుడు ఇదేం లాజిక్ అని నవ్వాను. తర్వాత ఇంకోలా వాడి చూశాను. ‘ఆయన నన్ను మోసం చేశాడు’ అనే పెద్ద ముద్దని విడగొట్టాను. ఎడిట్‌లో ఎవరో టైటిల్స్ లిస్టు పంపారు. దాంట్లో ఒక పేరు లేదు. ఒకరు చూసి కూడా ఊరుకున్నారు. అకౌంట్స్‌లో ఒక అంకె సగమైంది. ముద్దగా ఉన్నప్పుడు అది ఒక విలన్. విప్పితే కొంత నిర్లక్ష్యం, కొంత పిరికితనం, కొంత కక్కుర్తి. విలన్ మీద పగ తీర్చుకోవాలి. కక్కుర్తికి బిల్లు పంపితే చాలు.

ఆఖరిది, ఏదీ పనిచెయ్యకపోతే, ఒక వస్తువు ఇవ్వు. నిజంగా! ఆయనకి ఏదైనా ఇవ్వు, లేదా ఆయన ఇచ్చేది తీసుకో. శ్రీలంకలోని చిత్తలపబ్బత విహారంలో జరిగిన సంగతి చెబుతాడు. ఒక పెద్ద భిక్షువు ఇంకో భిక్షువుని పడుకునే చోటు నుంచి మూడుసార్లు లేపేశాడు. అలా లేపించుకున్న భిక్షువు తన దగ్గరున్న మంచి భిక్షాపాత్ర, ఎనిమిది కహాపణాల విలువైనది, వాళ్లమ్మ ఇచ్చినది, తీసుకెళ్లి ఆ పెద్దాయనకే ఇచ్చాడు. ఆ క్షణంలోనే పెద్దాయన లోపల ఉన్న కోపం చల్లారిపోయిందట. గమనించండి, దెబ్బ తిన్నవాడు ఇస్తే, కొట్టినవాడి కోపం తగ్గింది. రూమ్‌మేట్‌తో మాటలు లేని రోజుల్లో ఒక ప్లేట్ మిర్చి బజ్జీ తెచ్చి మధ్యలో పెట్టినవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇక్కడ మీలో కొందరికి ఒళ్లు మండుతూ ఉంటుంది, నాకు తెలుసు. ‘ఏంటి అన్నా, పేరు పాయె, పైసలు పాయె, పైగా నేనే గిఫ్ట్ ఇయ్యాలా?’ న్యాయమైన ప్రశ్న. ఎందుకంటే మన దగ్గర ‘పోనీలే’ అనే మాటని ఎక్కువగా ఎవరు వాడతారు? పెద్దమనుషులు. ఎవరికి చెబుతారు? బలం లేనివాడికి. జూనియర్ ఆర్టిస్ట్ అమ్మాయికి చెబుతారు, కోడలికి చెబుతారు, కూలి రాని లైట్‌మన్‌కి చెబుతారు. ‘పెద్ద మనసు చేసుకో’ అని. పెద్ద మనసు ఎప్పుడూ చిన్నవాళ్లే చేసుకోవాలి, అదేంటో!

బౌద్ధంలో క్షమ అంటే ఇదే అయితే నేను ఈ ఎపిసోడ్ చేసేవాణ్ని కాదు. వినయ పిటకంలో, అంటే సంఘం నియమాల పుస్తకాల్లో, ఒక కేసు ఉంది. మచ్ఛికాసండం అనే ఊళ్లో చిత్తుడు అనే గృహస్థు. ఆ ఊళ్లో ఉండే భిక్షువు సుధమ్ముడు. చిత్తుడు ఎవరినైనా భోజనానికి పిలవాలంటే ముందు సుధమ్ముణ్ని అడిగేవాడు. ఒకసారి సారిపుత్తుడిలాంటి పెద్దలు వస్తే, ఈయన్ని అడక్కుండా వాళ్లని ముందే పిలిచేశాడు. సుధమ్ముడికి ఎక్కడో కాలింది. మర్నాడు వచ్చి వంటలన్నీ చూసి, ‘అన్నీ ఉన్నాయి, నువ్వుల అప్పచ్చి ఒక్కటే లేదు’ అన్నాడు. అది చిత్తుడి కుటుంబాన్ని ఎత్తిపొడిచే మాట. వాళ్ల పూర్వీకులు అప్పచ్చులు అమ్ముకునేవాళ్లని పాత వ్యాఖ్యానం చెబుతుంది. మన భాషలో చెప్పాలంటే పుట్టుక తీసి మాట్లాడాడు.

విషయం బుద్ధుడి దాకా వెళ్లింది. ఆయన చిత్తుణ్ని పిలిచి ‘పోనీలే, సాధువు కదా, సర్దుకో’ అనలేదు. భిక్షువునే తప్పుపట్టి, వెళ్లి ఆ గృహస్థుని క్షమాపణ అడుగు అన్నాడు. సుధమ్ముడు వెళ్లాడు, సిగ్గుతో నోరు రాలేదు, అడక్కుండానే తిరిగొచ్చేశాడు. అప్పుడు ఏం చేశారో చూడండి, ఈసారి తోడుగా ఇంకో భిక్షువుని ఇచ్చి పంపమన్నారు. ముందు సుధమ్ముడు అడగాలి. ఆయన క్షమిస్తే సరే. లేకపోతే తోడు వెళ్లినవాడు ఈయన తరఫున అడగాలి, ఆ తర్వాత సంఘం పేరు మీద అడగాలి. అప్పటికీ కాదంటే, ఆ గృహస్థు చూస్తుండగా, ఆయనకి వినపడేలా, సుధమ్ముడు తన తప్పు చెప్పుకోవాలి. అధికారం ఉన్నవాడు, పీఠం మీద ఉన్నవాడు, మామూలు మనిషి ముందుకి వెళ్లడం. ఇది రూల్ బుక్‌లో రాసి ఉన్న పద్ధతి. అంగుత్తర నికాయంలో ఇంకో చిన్న మాట ఉంది, మూర్ఖులు ఇద్దరు అని. తప్పు చేసి తప్పని చూడనివాడు ఒకడు. తప్పు ఒప్పుకుని వచ్చినవాణ్ని స్వీకరించనివాడు ఇంకొకడు. ఇద్దరినీ ఒకే వరసలో నిలబెట్టారు, కానీ మొదటివాడు మొదటే ఉన్నాడు.

అంబేడ్కర్ గారు మహాడ్ చెరువు సత్యాగ్రహం చేసింది 1927లో. నాగపూర్‌లో లక్షల మందితో బౌద్ధం తీసుకున్నది 1956 అక్టోబరు 14న. మధ్యలో దాదాపు ముప్పై ఏళ్ల పోరాటం, ఒక రాజ్యాంగం. నోరుమూసుకుని భరించమని చెప్పే దారి అయితే ఆయన దాన్ని ఎంచుకునేవాడా? నాకు అనిపించేది ఏంటంటే, కోపం వదలడం వేరు, హక్కు వదలడం వేరు. రెండూ ఒకే ముడిలో కట్టి మనకు అమ్మారు. ముడి విప్పుకోవాలి. ఇంకోటి, ఇంట్లో కొడుతుంటే, ఎవరైనా వేధిస్తుంటే, మెత్తా గురించి ఆలోచించే టైమ్ కాదది. ముందు అక్కణ్నుంచి బయటపడండి. మహిళలకి 181 హెల్ప్‌లైన్ ఉంది, అత్యవసరమైతే 112. క్షమ సంగతి తర్వాత, అది మీ ఇష్టం, మీ టైమ్.

నా విషయంలో నేను సుధమ్ముడి కేసు తిరగేసి వాడాను. తోడు తీసుకెళ్లాను. ఇద్దరికీ తెలిసిన ఒక సీనియర్ ఎడిటర్, ఇద్దరం ‘అన్న’ అని పిలిచే మనిషి. వెళ్లేముందు రూమ్‌లో పదిహేను నిమిషాలు కూర్చుని, ముందు నా గురించి, తర్వాత మా గురువు గారి గురించి, తర్వాత కింద ఇస్త్రీ బండి ఆయన గురించి బాగుండాలి అనుకున్నాను. ఈయన దగ్గరికి వచ్చేసరికి మాత్రం పూర్తిగా కుదరలేదు, ఆ భోజనం ప్లేట్ సీన్ గుర్తుతెచ్చుకుని సరిపెట్టాను. అక్కడ గొంతు పెరగలేదు. రాసిన ఎపిసోడ్లు, మాట్లాడుకున్న డబ్బు, వచ్చిన డబ్బు, ఒక కాగితం మీద పెట్టాను. రాత్రి రెండున్నరకి తయారుచేసుకున్న డైలాగుల్లో ఒక్కటీ వాడలేదు, కొన్ని నిజంగా చాలా బాగుంటాయి, ఎక్కడైనా వాడతాను. మిగిలిన డబ్బులో కొంత రెండు నెలల్లో వచ్చింది. పేరు రాలేదు, సారీ రాలేదు. ఆయనతో మళ్లీ పని చెయ్యను. టీ కొట్టు దగ్గర కనిపిస్తే మాత్రం ఇప్పుడు గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడగలుగుతున్నాను, ఇంతకుముందు సగం టీ వదిలేసి వెళ్లేవాణ్ని.

చివరిగా ఒక ప్రశ్న ఉంది, పోయిన వారం ఒకరు మెసేజ్‌లో అడిగారు. ‘మా నాన్న చనిపోయారు. ఆయన తాగి చేసినవి నేను మర్చిపోలేను. చనిపోయినవాళ్లని ఎలా క్షమిస్తారు?’ దీనికి రెండు రోజులు ఆలోచించాను. విసుద్ధిమగ్గలో ఇది ఉంది. ఒక యువ భిక్షువు తన గురువు మీద మెత్తా చేస్తున్నాడు, ఎంత చేసినా ధ్యానం కుదరడం లేదు. వెళ్లి ఒక పెద్దాయన్ని అడిగాడు. ఆ మనిషి ఉన్నాడో లేడో ముందు తెలుసుకో అన్నారు. కనుక్కుంటే గురువు చనిపోయి ఉన్నాడు. బతికున్న ఇంకొకరి మీదకి మార్చుకోగానే ధ్యానం కుదిరింది. కాబట్టి మెత్తా ధ్యానానికి చనిపోయినవాళ్లని పెట్టుకోవద్దు అంటుంది పుస్తకం.

అంటే మీరు నాన్నగారిని బలవంతంగా ఎదురుగా కూర్చోబెట్టుకుని ‘క్షమించాను, క్షమించాను’ అనుకోవాల్సిన పని లేదు. రాకపోతే మీ మనసులో లోపం ఉన్నట్టూ కాదు. ఆయన లేరు, కోపం ఉంది, అది మీ ఒంట్లో ఉంది. మందు వాసన తగిలినప్పుడు, గేటు చప్పుడైనప్పుడు వస్తుందని రాశారు మీరు. వచ్చినప్పుడు వచ్చిందని చూడండి, పొట్టలోనా, గొంతులోనా. మెత్తా మాత్రం బతికున్నవాళ్ల వైపు తిప్పండి, మొదట మీ వైపు. గేటు చప్పుడుకి భయపడిన ఆ చిన్నపిల్ల ఇంకా మీలో ఉంది కదా, బాగుండాలి అనే మాట ముందు తనకి చెప్పండి. అమ్మగారు ఉన్నారని రాశారు. తర్వాత ఆవిడ. భారంగా అనిపించి నిద్ర కూడా పోతుంటే టెలిమానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, 14416, తెలుగులో మాట్లాడొచ్చు. కౌన్సెలర్‌తో మాట్లాడటం కూడా ఒక తోడు తీసుకెళ్లడమే.

వచ్చే వారం సూర్యాపేట జిల్లా ఫణిగిరి వెళ్తున్నాం, గుట్ట మీది బౌద్ధ విహారం చూపిస్తాను. ఎండ మామూలుగా ఉండదంట, కెమెరా మా తమ్ముడు మోస్తాడు. ఉంటాను మరి.